ఇబ్రహీంపట్నం గడపలో ముక్కుపురుగు

బయలుదేరే రోజున కూడా ఎవరికీ చెప్పని మాట ఒకటి ముందుగా చెప్పాలి. ఇబ్రహీంపట్నంలో యాదిరెడ్డి పటేలు కట్టుకున్న కొత్త ఇంటికి మా బాపు చేసిన దర్వాజలో, అంటే ద్వారబంధంలో, గడప అడుగున, ఒక కొసన వేలెడు మందం తెల్లచెక్క ఉంది. అది అక్కడ ఉందని నాకు మొదటి రోజు నుంచే తెలుసు.

మా బాపు వడ్రంగి, ఊళ్లలో వడ్లాయన అంటారు. శాలిబండ దగ్గర మా ఇంటి ముందున్న రేకుల పందిరే ఆయన కార్ఖానా. టేకు దుంగ నడుమ ఉండే గట్టి భాగాన్ని మేము చేవ అంటాం. చుట్టూ ఉండే లేత భాగం తెల్లచెక్క. చేవను పురుగు తొందరగా ముట్టదు. తెల్లచెక్కను వదలదు. అందుకే రంపం పెట్టకముందే చేవ ఎక్కడ ఆగిపోతుందో చూసుకుని, ఎర్రటి జాజు మట్టి నీళ్లలో ముంచిన దారాన్ని లాగి వదిలి గీత వేస్తారు. మూడేళ్లుగా బాపు కళ్లకు పొర కమ్మింది. చెక్కను తడిమి ఏ చెట్టుదో చెబుతాడు, వాసన చూసి ఎన్నాళ్ల కిందట కొట్టిందో చెబుతాడు, గీత మాత్రం చూడలేడు. ఆ గీతలు నేను వేస్తున్నాను, రంపం రెండో కొస పట్టుకుని కోతను గీత మీద నడిపిస్తున్నాను. తెలిస్తే పని ఇచ్చేవాళ్లు ఉండరని ఇంట్లో ముగ్గురమే ఈ సంగతి దాచుకున్నాం. ఇప్పుడు రాయమని బాపే అన్నాడు కాబట్టి రాస్తున్నాను.

ఆ గడప కోసిన రోజు పొద్దు వాలిపోయింది. ఒక కొసన దారం జరిగింది. కోత అయ్యాక చూస్తే అక్కడ తెల్లచెక్క మిగిలిపోయి ఉంది. "అంతా చేవేనా బిడ్డా?" అని బాపు అడిగాడు. "అవ్ బాపు" అన్నాను. మళ్లీ కోస్తే దుంగ చాలదన్న భయం, తప్పు చేశానన్న సిగ్గు, రెండూ ఉన్నాయి. ఆ వైపును అడుక్కు తిప్పాను.

రెండేళ్ల తర్వాత పటేలు దగ్గర నుంచి కబురు వచ్చింది. దర్వాజకు పురుగు పట్టిందట. దసరా వెళ్లగానే పీకి బయట పడేస్తారట. చూసుకోవాలంటే వచ్చి చూసుకోమన్నారు. ఆ దర్వాజ చూసి మెచ్చుకున్నవాళ్లే యాచారంలో ఒక ఇంటి పని, కందుకూరులో ఒక ఇంటి పని బాపుకు ఒప్పజెప్పారు. అది వీధిలో పడితే ఈ రెండూ పోతాయి. బాపు తానే వెళ్లి అందరి ముందు చెక్కను తడుముకుంటూ కూర్చుంటే కళ్ల సంగతి బయటపడుతుంది.

"నేను పోతా" అన్నాను. మా ఇంట్లో నా గొంతు పొయ్యి దాకా వినిపించడం అదే మొదటిసారి కావచ్చు. అమ్మ లేచి వచ్చి చూసింది.

బాపు చేతిలోని ఉలిని చాలాసేపు బొటనవేలితో తడిమాడు. "పో బిడ్డా. తప్పు మనదయితె మనదే అని చెప్పిరా. కాకుంటె కాదని చెప్పిరా. నడుమ మాట మాత్రం చెప్పకు" అన్నాడు. ఆ ఉలిని నా మూటలో పెట్టాడు.

నేను మూటలో పెట్టుకున్నది ఇంకొకటి ఉంది. నేను నాలుగో జమాతు దాకా ఉర్దూలో చదివాను. పనిముట్లు చుట్టడానికి బాపు తెచ్చే చిత్తుకాగితాల్లో ఒకసారి పురుగుల బొమ్మలున్న ఉర్దూ పుస్తకం సగం దొరికింది. అట్ట లేదు, రాసినవారి పేరు లేదు. దాన్ని నా పెట్టెలో డైరీ కింద దాచుకుని, అందరూ పడుకున్నాక కాదు, అందరూ పనిలో ఉన్నప్పుడు చదివేదాన్ని. అందులో చెక్కల్లో బతికే ముక్కుపురుగుల గురించి నాలుగు పేజీలు ఉన్నాయి. మనుషులకు ఇంటిపేరు ఉన్నట్టే వాటికీ ఒక ఇంటిపేరు. ఆ విలాయతి పేరును ఉర్దూ అక్షరాల్లో కుక్కితే చదివిన ప్రతిసారీ వేరే రకంగా పలికింది. ఆ ఇంటివన్నీ చిన్నవే, జీలకర్ర గింజలో సగం ఉంటాయి. సన్నగా, నల్లగా, పొట్టి ముక్కుతో ఉంటాయి. ఎండిన గట్టి చెక్క వాటికి అక్కరలేదు. తడిసి మెత్తబడిన చెక్కలోనే కాపురం పెడతాయి. ఆ చివరి మాట దగ్గర నేను ఎన్నిసార్లు ఆగానో లెక్క లేదు. గడపకు పట్టింది ఆ పురుగే అయితే, చెక్కను తడిపింది ఎవరు?

హయత్‌నగర్ దాకా ఉప్పు మీద

నాకు తోడు మా మేనత్త కిష్టమ్మ వచ్చింది. ఆమె భర్త కంసాలి. ఆయన పోయాక మిగిలిన సామానులో నగల పని చూసే భూతద్దం ఒకటి ఉంది. దాన్ని ఆమె కొంగుకు కట్టుకుని తిరుగుతుంది. పటేలు ఊరి మల్లయ్య, పట్నంలో సీతాఫలాలు అమ్మి ఉప్పు బస్తాలతో తిరిగి వెళ్తున్నాడు. ఆయన బండిలో ఆ బస్తాల మీద కూర్చున్నాం.

"ఏమక్కా, వడ్లాయన రాలే? ఆడోళ్లను తోలిండు?" అన్నాడు మల్లయ్య ఎద్దులను అదిలిస్తూ.

"ఆయనకు పనుంది. పురుగులు సూసేటందుకు మొగోళ్లెందుకు? మేం దినాం బియ్యంల ఏరుకుంటనే ఉంటిమి" అంది అత్త.

మల్లయ్య సరూర్‌నగర్ దాటేదాకా నవ్వుతూనే ఉన్నాడు. మధ్యాహ్నానికి ఎండ ముదిరింది. మా చెమటకు ఉప్పు కరిగి, ఆ తడి ఆరి, అత్త చీర వెనకవైపు అట్టలా బిగుసుకుంది. దిగి నడుద్దామంటే చీర చప్పుడు చేసింది. "గంజి పెట్టక్కరలేదు గద" అంది ఆమె. అంతకన్నా విసుక్కోలేదు.

హయత్‌నగర్‌లో బాటసారులు దిగే సరాయి పక్కన ఒక ముసలామె చాయ్ అమ్ముతోంది. అందరూ ఆమెను ఖాలా, అంటే పిన్నీ, అని పిలుస్తున్నారు. మా ఇంట్లో చాయ్ కాయరు. బజారులో తాగడం కూడా నాకు అదే మొదలు. యుద్ధం రోజులు కదా, చక్కెరకు బదులు బెల్లం వేసింది. రెండు పైసలు తీసుకుంది. అత్త తన చెంబు ముందుకు చాపి అందులో పోయించుకుంది. నేను అందరిలాగే సాసరులో పోసుకుని తాగాను. అత్త నా వంక ఒక చూపు చూసి తన చెంబు ఖాళీ చేసింది.

కూర్చోమని ఖాలా చూపించిన మంచం కోడు కింద తెల్లగా పొడి రాలి ఉంది. వేలితో తీసి చూశాను. గోధుమ పిండి అంత మెత్తగా ఉంది. కోడును ఉలి పిడితో కొడితే ఒక చిన్న పురుగు రాలింది. అత్త దగ్గర అద్దం తీసుకుని చూశాను. దీనికి ముక్కు లేదు. తలను మెడ కిందికి లాక్కుని ముసుగు వేసుకున్నట్టు ఉంది.

"ఏం గనవడ్తుంది బేటీ?" అంది ఖాలా.

"ముఖం దాచుకుంది" అన్నాను.

"యా అల్లా! నా మంచంల ఉన్న పురుగు గూడ పర్దా పెట్టిందా!" అని ఆమె నవ్వింది. చుట్టూ కూర్చున్న బండివాళ్లు కూడా నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. కాని ఒకటి తెలిసింది. ఎండిన చెక్కను తినే పురుగు వేరు, ఇలా ఉంటుంది. పటేలు ఇంట్లో కూడా ఇదే కనబడితే తప్పు పూర్తిగా నా తెల్లచెక్కదే. ముక్కున్నది కనబడితే ఇంకా వెతకాల్సింది ఉంటుంది. రాత్రి సరాయిలో పడుకునేముందు డైరీలో రాసుకున్నది ఆ రెండు వాక్యాలే.

వాగులో చక్రం

మర్నాడు దారి దక్షిణానికి తిరిగింది. ఎర్రమట్టి, మధ్య మధ్య ఏనుగులు పడుకున్నట్టు నల్లని గుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు. పట్నంలో అణాకు రెండు ఇచ్చే పండ్లు ఇక్కడ కోసుకున్నవాళ్లకు కోసుకున్నన్ని. విప్పారిన కండ్లున్న పండే కోయాలట. పట్నంలో మేము రంగు చూసి కొనుక్కుని మోసపోతాం.

కొంతదూరం పోయాక కుడి చక్రం లటలటలాడింది. చెక్క ఎండి బిగువు తప్పింది, ఇనుప పట్టా జారుతోంది. మల్లయ్య ఏమాత్రం కంగారుపడకుండా బండిని వాగులోకి దించి, ఎద్దులను విప్పి, ఒడ్డున కూర్చుని చుట్ట వెలిగించాడు.

"ఇగ చేసేదేం లేదక్కా. చక్రం నీళ్లు తాగాలె. ఉబ్బినంక అదే గట్టిపడ్తది."

"ఎంతసేపు తాగుతది?"

"గది నన్నడుగుతె ఎట్ల? దాని దూప ఎంతుందో!"

మేము తెచ్చుకున్న జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం విప్పాం. అత్త చెప్పు ఒకటి వాగులో కొట్టుకుపోతే మల్లయ్య మోకాళ్లదాకా దిగి పట్టుకొచ్చాడు. అప్పుడే చేపల గంప నెత్తిన పెట్టుకుని ఒకామె వాగు దాటుతూ మమ్మల్ని చూసి ఆగింది. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు చేపలు, ఊళ్లు తిరిగి అమ్ముతుందట. ఎవరింటికి అని అడిగింది. యాదిరెడ్డి పటేలు ఇంటికని అత్త చెప్పింది.

"ఓ, పురుగుల దర్వాజోళ్ల ఇంటికా!" అంది ఆమె. "ఎవడో పట్నం వడ్లోడు అంటగట్టిపోయిండట. ఆనికి కండ్లు ఉన్నయో లేవో!"

మాటవరసకు అన్న మాట అది. ఆమెకు ఏమీ తెలియదు. చేతిలోని రొట్టెను ఒడిలో పెట్టేశాను. అత్త నోరు తెరవబోతే ఆమె చేయి పట్టుకున్నాను. ఊళ్లోకి పోకముందే మా బాపుకు కొత్త పేరు వచ్చేసింది. ఇంక వెనక్కి తిరిగి పోయినా ఆ పేరు మా వెంట వస్తుంది. ఆమె వాగు దాటి కనుమరుగయ్యేదాకా చూశాను. తర్వాత మిగిలిన రొట్టె పూర్తిగా తిన్నాను. మాట్లాడాల్సిన రోజున కడుపు ఖాళీగా ఉండకూడదు అనుకున్నాను.

ఎండలో బియ్యం

పటేలు ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వాకిలి నిండా చాపలు, చాపల నిండా బియ్యం. పటేలు భార్య కొంగు నెత్తిన కప్పుకుని కాళ్లతో బియ్యాన్ని తిరగవేస్తోంది. నాలుగు రోజులుగా ఇదే పని అని ఆమె ముఖమే చెబుతోంది. దర్వాజ బాపు చేసిందే. పై చెక్క మీద ఆయన చెక్కిన చిలుకలు రెండు అలాగే ఉన్నాయి. వాటిని చూడగానే సొంతవాళ్లు ఎదురైనట్టు అనిపించింది.

పటేలు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్లు ఉంటాయి.

"ఎవలు మీరు?"

"పట్నం వడ్లాయన చెల్లెను పటేలా. ఇది ఆయన బిడ్డ" అంది అత్త.

"ముఖం సూపెట్టలేక ఆడోళ్లను తోలిండా? వెన్నెల దినాలల్ల కొట్టిన కట్టె తెచ్చి పెట్టిండు. నా కొత్తిల్లు పుచ్చువట్టె."

చంద్రుడు పెరిగే రోజుల్లో కొట్టిన చెట్టుకు పురుగు పడుతుందని, అమావాస్య రోజుల్లోనే కొట్టాలని మాలోనూ అంటారు. బాపు ఆ పట్టింపు తప్పడు. ఆ మాట చెప్పాలనుకున్నాను. దానికి బదులు మూట దించి ఉలి తీసుకున్నాను.

పటేలు తల్లి నర్సమ్మ లోపలి నుంచి వచ్చింది. ఊరంతా ఆమెను అవ్వ అంటుంది. బాగా ముసలామె, నడుము వంగింది కాని మాట వంగలేదు. "కట్టెది గాదురా. ముక్కుపురుగది. బియ్యంలకెల్లే గడపకు వాకింది. అందుకే బియ్యం ఎండవోస్తున్నం. దర్వాజ పీకుడు మంచిది గాదు, పూజ చేసి నిలవెట్టింది" అంది.

అప్పుడు అర్థమైంది. ముక్కు కనబడింది కాబట్టి అది బియ్యం పురుగే అని అవ్వ నమ్మకం. చెక్కలో ముక్కుపురుగు ఉంటుందని ఈ ఇంట్లో ఎవరూ వినలేదు. నిలబెట్టిన దర్వాజ పీకితే ఇంటికి కీడని ఆమె భయం. పట్నంలో మేము అద్దె ఇండ్ల వాళ్లం, దర్వాజ మార్చినా ఎవరికీ పట్టింపు లేదు. ఇక్కడ దర్వాజ పెట్టిన రోజును పిల్ల పుట్టిన రోజులా చెప్పుకుంటారు.

నేను చాప అంచున కూర్చుని బియ్యంలోంచి ఒక పురుగును, గడప పగులులోంచి ఉలి మొనతో ఒక పురుగును తీసి తమలపాకు మీద పెట్టాను. అద్దం పట్టుకున్నాను. బియ్యం పురుగుది సన్నని పొడుగు ముక్కు, వీపు మీద నాలుగు లేతరంగు మచ్చలు. గడప పురుగుది పొట్టి ముక్కు, మచ్చల్లేని సన్నని ఒళ్లు, జీలకర్ర గింజలో సగం. పుస్తకంలోని బొమ్మ లేచి నడిచినట్టే ఉంది. ఎవరికీ చూపించకుండా చదువుకున్నది ఎండలో నా ముందు తమలపాకు మీద కదులుతోంది.

"అవ్వా, ఈ రెండు ఒక్కటి గావు" అన్నాను. ఆ ఇంట్లో నేను అన్న మొదటి మాట అది.

"ముక్కు ఉన్నయన్ని ముక్కుపురుగులే గద బిడ్డా?"

"ముక్కున్న మనుషులందరు ఒక్కింటోళ్లే గారు గదవ్వా."

పటేలు భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మల్లయ్య మాత్రం పైకే నవ్వాడు. అవ్వకు అద్దం ఇచ్చాను. ఆమె ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

"అవ్. గిది వేరే."

"బియ్యానికి ఏం గాలే. ఇంట్ల పెట్టుకోండ్రి" అన్నాను. అందరికన్నా పటేలు భార్య సంతోషించింది. ఆ సాయంత్రం మాకు పుంటికూర పప్పులో నెయ్యి ఎక్కువ వేసింది.

పటేలు మాత్రం అరుగు దిగలేదు. "అంటె బియ్యంది గాదు, కట్టెదే పురుగని నీ నోటితోనే అన్నవు. నేను అంటున్నది గూడ గదే. రేపు పీకిపిస్త."

నేను తెలివిగా మాట్లాడి మా బాపు తప్పును ఇంకా గట్టిగా బిగించాను. పప్పు రుచిగానే ఉంది. ఎంత తిన్నానో గుర్తులేదు.

గడప ఆరని ఇల్లు

మూడో రోజు పొద్దున అవ్వ అలికిడికి లేచాను. ఆమె రెండు చేతులతో బిందె పట్టుకుని గడప మీద నిండుగా నీళ్లు పోస్తోంది. ఆ నీళ్లు గడప పక్కన మట్టిలోకి ఇంకుతున్నాయి. తర్వాత పసుపు ముద్దను అరిచేత్తో దట్టంగా పులిమింది. కుంకుమ బొట్లు పెట్టి దండం పెట్టింది. చాలా చక్కని దృశ్యం. నేను మాత్రం ఆ మట్టినే చూస్తున్నాను.

"రోజు గింత నీళ్లు పోస్తవా అవ్వా?" అని అడిగాను.

"రెండు పూటల. మనుమడు వుడితె గడప ఎన్నడు ఆరనియ్యనని మొక్కుకున్న. ఈ ఇంట్లకు వచ్చిన నెలకే వుట్టిండు. ఒక్కపూట గూడ తప్పలే."

మా ఇంట్లో మంగళ, శుక్రవారాలు పసుపు రాస్తాం. మిగతా రోజులు తడిగుడ్డతో తుడుస్తాం, అంతే. రోజుకు రెండు బిందెలు, రెండేళ్లు! పైన పసుపు పొర ఉండడం వల్ల లోపలి తడి ఎండకు ఆరే దారి కూడా లేదు.

పటేలు గడ్డపార పట్టుకున్న ఇద్దరు కూలీలతో వచ్చాడు. నేను ఎదురుగా నిలబడ్డాను.

"పటేలా, పీకకముందు ఒక్క కొసన మన్ను తీసి చూస్త. మీరు గూడ చూడండ్రి."

"ఎట్లనన్న పీకేదే. చూసుకో" అన్నాడు.

"పసుపు వెట్టిన గడపకు ఉలి వెడ్తవా?" అంది అవ్వ.

గడపకు నుదురు ఆనించి దండం పెట్టాను. తర్వాత ముందుగా పైన మొదలుపెట్టాను. మల్లయ్య పట్టుకున్న బండి పలక ఎక్కి, పై చెక్క అంతా అద్దంతో చూశాను. ఒక్క బెజ్జం లేదు. రెండు నిలువు చెక్కలూ చూశాను. గడపను తాకే చోట తడి మరక ఉంది, బెజ్జాలు మాత్రం లేవు. "ఇవన్నీ ఒక్క దుంగలవే పటేలా. కట్టెకే పురుగుంటె పైన గూడ ఉండాలె" అన్నాను. పటేలు దగ్గరికి వచ్చి తానే వేలితో రాసి చూసుకున్నాడు.

కూలీ గడప కొస కింద మన్ను తీశాడు. మన్ను బురదలా ముద్దకట్టి ఉంది, పుట్టగొడుగుల వాసన వేసింది. అది నేను అడుక్కు తిప్పిన కొస. ఉలి పెట్టాను. బెల్లంలోకి దిగినట్టు దిగింది. తెల్లచెక్క ఉన్నంత మేరా జల్లెడ అయిపోయింది. ఆ బెజ్జాల్లోంచి ముక్కుపురుగులు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి, తొందరేమీ లేదన్నట్టు. వేలెడు లోపలికి పోయాక ఉలి ఆగింది. కొడితే ఖంగుమంది. అక్కడి నుంచి చేవ. అదీ పైన పైన నల్లబడింది కాని లోపల గట్టిగానే ఉంది.

"ఈ జాతి పురుగు తడిసిన కట్టెలనే ఉంటది" అన్నాను. "ఎండిన కట్టెను ముట్టది. రోజూ నీళ్లు ఇంకి గడప అడుగు మెత్తవడ్డది."

అవ్వ చేతిలోని ఖాళీ బిందెను కింద పెట్టింది. "నా నీళ్లేనా బిడ్డా?" అంది. ఆ గొంతు విన్నప్పుడు నాకు గెలిచినట్టు ఏమీ అనిపించలేదు.

పటేలు తల్లి ముఖం చూశాడు, తర్వాత నేల చూశాడు. "గట్లయితె వడ్లాయన తప్పు లేనట్టే. నేను తొందరవడ్డ" అన్నాడు. కూలీలను గడ్డపారలు పక్కన పెట్టమన్నాడు. అత్త నా భుజం మీద చెయ్యి వేసి, ఇక చాలు అన్నట్టు నొక్కింది. అంతా అయిపోయింది. మా బాపు పేరు తిరిగి వచ్చింది. యాచారం, కందుకూరు పనులు మిగిలాయి. నేను చేయాల్సిందల్లా నోరు మూసుకోవడం. పుట్టినప్పటి నుంచి నాకు బాగా వచ్చిన పని అదే.

అవ్వ మాత్రం బిందె వంకే చూస్తోంది. తప్పంతా ఆమె మొక్కు మీద పెట్టి పోతున్నాం. అది నిజమే కాని సగం నిజం. బాపు వద్దన్న నడుమ మాట ఇదే.

"ఇంకొకటుంది పటేలా" అన్నాను. "ఈ కొసన తెల్లచెక్క ఉండొద్దు. చేవ ఒక్కటే ఉంటె నీళ్లకు పదేండ్లన్న ఆగేది. తెల్లచెక్క ఉండవట్టి పురుగుకు తోవ దొరికింది. అది నా తప్పు. గీత నేను వేసిన. తప్పిందని తెలిసి గూడ చెప్పకుంట అడుక్కు తిప్పిన."

"నువ్వు వేసుడేంది? మీ బాపు ఏం జేస్తుండె?"

"బాపుకు కండ్లు కానరావు. మూడేండ్ల సంది గీతలన్నీ నేనే వేస్తున్న."

అత్త వేళ్లు నా భుజంలోకి దిగాయి. పటేలు ముఖం ఎర్రబడింది. "అంటె గుడ్డాయన కోసిన కట్టె మీద, ఆడివిల్ల గీసిన గీత మీద నా ఇల్లు నిలవడ్డదా? ఇన్నొద్దులు మమ్ములను ఎడ్డోళ్లను జేసిండ్రా?"

నేను తల దించుకోలేదు. దించుకుంటే మళ్లీ ఎత్తలేనని తెలుసు.

అప్పుడు అవ్వ ముందుకు వచ్చింది. నిలువు చెక్క మీద చెయ్యి పెట్టి అడిగింది. "దీని గీత ఎవలు వేసిండ్రు?"

"నేనే అవ్వా."

"గా చిలకల కట్టె గీత?"

"గీత నాది. చిలకలు బాపువి. చేత్తోని తడుముకుంట చెక్కిండు."

అవ్వ కొడుకు వైపు తిరిగింది. "మూడు కట్టెలు మంచిగున్నయి. ఒక్కటి తప్పింది, గది గూడ తనే ఒప్పుకున్నది. నేను పోసిన నీళ్లు నేను ఒప్పుకోవాలె గద. దర్వాజ పీకొద్దు. గడప ఒక్కటి మార్పియ్యి. మొక్కు సంగతి నేను దేవునితోని మాట్లాడుకుంట, చెంబెడు చాలుతయేమో."

పటేలు చాలాసేపు వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు. ఆగి నాతో, అత్తతో కాదు, నాతోనే అన్నాడు. "కార్తీకంల మీ బాపును తోలుకొని రా. గడప కట్టె నాలుగు దిక్కులు నాకు సూపెట్టినంకనే కింద పెట్టాలె. యాచారమోళ్లు అడుగుతె ఉన్నది ఉన్నట్టే చెప్త, ఒక్క మాట తక్కువ చెప్ప, ఎక్కువ చెప్ప."

ఆ మాట వల్ల యాచారం పని మిగులుతుందో పోతుందో నాకు తెలియలేదు. ఇది రాస్తున్న నాటికి కూడా వాళ్ల కబురు రాలేదు. ఇంటికి వచ్చి అన్నీ చెబితే బాపు నా చెయ్యి తీసుకుని, దారం పట్టే రెండు వేళ్లను తడిమాడు. మర్నాటి నుంచి కోత అయ్యాక ప్రతి చెక్కనూ నాలుగు వైపులా తిప్పి చెబుతున్నాను. తెల్ల ఉంటే తెల్ల ఉందనే చెబుతున్నాను.

బండి కదిలేముందు

మల్లయ్య ఈసారి సీతాఫలాల గంపలతో పట్నం పోతున్నాడు. ఉప్పు కన్నా ఇవి మేలని అత్త ముందే ఎక్కి మెత్తని చోటు చూసుకుంది. నాతో ఆమె ఇంకా మాట్లాడడం లేదు. అయినా నా కోసం పక్కన చోటు ఉంచింది.

అవ్వ బండి దాకా వచ్చి పండిన సీతాఫలాలు నాలుగు నా ఒడిలో వేసింది. ఈ రెండు రోజులూ ఆ ఇంట్లో నన్ను పట్నం వడ్లాయన బిడ్డ అనే పిలిచారు. నేను కూడా అంతకు మించి చెప్పుకోలేదు. ఆమె బండి పట్టెను పట్టుకుని, మల్లయ్యను ఆగమని, నా ముఖంలోకి చూసింది.

"రేపు ఎవలన్న వచ్చి దర్వాజ ఎవలు చేసిండ్రని అడుగుతరు. మీ బాపు పేరు ఒక్కటే చెప్తె ఇగ అబద్ధమయితది. నీ పేరేంది బిడ్డా?"